సాంబారులో ఉప్పు, మానవ హక్కులు

నియంతృత్వాన్ని తిట్టేవాళ్లంతా ఒక్కసారి సిడ్నీ వచ్చి, పెండిల్ హిల్‌లో రైలు పట్టాలకు ఉత్తరాన ఉన్న తెలుగు సంఘం ఉగాది చూసి వెళ్లాలి. ఆరు గంటలకన్నారంటే ఆరింటికే దీపం వెలుగుతుంది! తెలుగువాళ్ల సభ టైముకి మొదలవడం కంటే గొప్ప మానవ హక్కు ఇంకేముంటుంది, మీరే చెప్పండి?

ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న కాకినాడ బాలమురళి కూడా అలాగే అనుకునేవాడు.

ఒకప్పుడు పట్టాలకు రెండు వైపులా కలిపి ఒకటే సంఘం. ఒక దీపావళి నాడు స్టేజీ మీద ఎవరి కుర్చీ మధ్యలో ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, జాతి రెండుగా చీలిపోయింది. ఉత్తరం వైపు డాక్టర్ అచ్యుత్ జీవితకాల అధ్యక్షుడయ్యారు. వృత్తికి మత్తు డాక్టరు కాబట్టి మనుషుల్ని కదలకుండా ఎలా ఉంచాలో ఆయనకు బాగా తెలుసు. దక్షిణం వైపు ప్రజాస్వామ్యం వచ్చింది. అంటే పదకొండు మంది ఉపాధ్యక్షులు వచ్చారు.

బాలమురళి ఉత్తర పౌరుడు. అక్కడ ఎంత సుఖమో! ఎన్నికల్లేవు, చర్చల్లేవు. ఎవరు ఏ వంటకం తేవాలో, ఆడవాళ్లు ఏ రంగు చీర కట్టాలో అన్నీ అచ్యుత్ గారే వాట్సాప్‌లో చెప్పేసేవారు. భావప్రకటన స్వేచ్ఛకూ లోటు లేదు. చప్పట్ల బొమ్మ, చేతులు జోడించిన బొమ్మ, రెండిట్లో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

గ్రూపులోంచి అప్పుడప్పుడు ఒకరిద్దరు మాయమయ్యేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. బాలమురళి అసలే అడగలేదు. వాళ్లేదో చేసే ఉంటారు కదా!

ఆ ఏడాది ఉగాదికి అతని పద్నాలుగేళ్ల కూతురు గీతిక కూచిపూడి ఐటెమ్ ఉంది. ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల కోసం పిల్ల ఆరు నెలలుగా గరాజ్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే కారు బయట ఎండకి ఎండి వానకి తడిసింది.

రిహార్సల్ రోజు భోజనాలయ్యాక గ్రూపులో అందరూ ఫుడ్ సూపర్ అంటుంటే బాలమురళి చెయ్యి ఊరుకోలేదు. "సాంబారులో కొంచెం ఉప్పు తగ్గింది అంకుల్" అని పెట్టాడు. పక్కన చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు, పాపం. రెండు నిమిషాల్లో అతను గ్రూపులో లేడు. సాయంత్రానికి ప్రోగ్రామ్ లిస్టులో గీతిక లేదు.

కంగారుగా డాక్టరు గారికి ఫోన్ చేశాడు.

"అంకుల్, పిల్లేం చేసిందండీ? సిక్స్ మంత్స్ నుంచి ప్రాక్టీస్ చేస్తోంది. తప్పుంటే నాదండీ."

"తప్పని ఎవరన్నారయ్యా? టైమ్ లేదంతే. మన ఫంక్షన్ ఆన్ టైమ్ అయిపోతుందని నువ్వే కదా అందరికీ చెప్తుంటావు!"

శిక్ష వేయడంలో కూడా ఎంత మర్యాదో చూశారా!

గీతిక గజ్జెలు డబ్బాలో పెట్టేసి "ఇట్స్ ఓకే డాడీ" అంది. ఓకే కాదని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. ఇతరుల హక్కులు పోయినన్నాళ్లూ గుర్రుపెట్టి నిద్రపోయిన మానవతావాది, తన పిల్ల హక్కు పోగానే లేచి కూర్చున్నాడు.

మర్నాడే పెళ్లాం పిల్లతో పట్టాల మీది వంతెన దాటి దక్షిణాన శరణు కోరాడు.

"ఇక్కడ మీరు ఏదైనా మాట్లాడొచ్చు బాలమురళి గారూ!" అంది ఆ నెల అధ్యక్షురాలు వైశాలి. "మీ పాప డాన్స్ మన అజెండాలో ట్వెంటీ థర్డ్ ఐటెమ్."

నిజమే, మాట్లాడొచ్చు. అందరూ మాట్లాడారు, ఒకేసారి. నాట్యం భోజనాలకు ముందా తర్వాతా అని తేల్చడానికి సబ్ కమిటీ వేశారు. దానికి చైర్మన్ ఎవరని ఓటింగ్ పెట్టారు. ఓడినవాళ్లు రీకౌంటింగ్ అడిగారు. ఉగాది మే నెలకు వాయిదా పడింది, జూన్‌లో రద్దయింది. గీతిక గజ్జెలు డబ్బాలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక రాజ్యరహస్యం చెప్పాలి. రెండు సంఘాలకూ సాంబారు వచ్చేది ఒకే హోటల్ నుంచి. ఉత్తరాన బాగుందని చెప్పి తీరాలి. దక్షిణాన బాగాలేదని ఎంత గట్టిగా అయినా అరవచ్చు, వినేవాడు లేడు. తినడం మాత్రం రెండు చోట్లా తప్పదు.

ఇక గీతిక కోసం, కేవలం గీతిక కోసమే, బాలమురళి మూడో సంఘం పెట్టాడు. దాని పేరులోనే స్వేచ్ఛ ఉంది. నియమావళి తనే కూర్చుని రాశాడు. అధ్యక్షుడి పదవీకాలం ఎన్నేళ్లో రాయడం ఒక్కటే మర్చిపోయాడు. వాట్సాప్ గ్రూపులో అందరినీ, గీతికతో సహా, చేర్చాడు.

ప్రారంభ సభకు హాలు ఆరింటి వరకే ఇచ్చారు. గీతిక ఐటెమ్ ఐదున్నరకి. ఐదింటికి బాలమురళి మైకు పట్టుకున్నాడు. గొంతు నొక్కే ఉత్తరాన్నీ, గొంతు చించుకునే దక్షిణాన్నీ కలిపి దులిపేశాడు. కన్నబిడ్డకు జరిగిన అన్యాయం చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అలాంటి మనిషిని ఆపడం ఎవరి తరం? ఆయన ముగించేసరికి హాలు కేర్‌టేకర్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. తెర పక్కన గీతిక గజ్జెలు కట్టుకుని నిలబడే ఉంది.

భోజనాలు కార్ పార్క్‌లో పెట్టారు. స్పీచ్ సూపర్ సర్, ఫుడ్ సూపర్ సర్ అంటూ గ్రూపులో మెసేజ్‌లు వరసగా పడుతున్నాయి. అధ్యక్షుల వారు ఒక్కొక్కటీ చదువుకుని మురిసిపోతుండగా ఇంకోటి పడింది. గీతిక పెట్టింది.

"సాంబార్ నీడ్స్ సాల్ట్, డాడీ." పక్కన చేతులు జోడించిన బొమ్మ.

తలెత్తి చూశాడు. రెండు కార్ల అవతల, నాట్యం దుస్తుల్లోనే, కాగితం ప్లేటు పట్టుకుని పిల్ల తననే చూస్తోంది. ఒక చెంచా సాంబారు నోట్లో పోసుకున్నాడు. నిజంగానే ఉప్పు లేదు.

ఏం చేశాడంటారా? అచ్యుత్ గారికి రెండు నిమిషాలు పట్టింది. బాలమురళికి అర నిమిషం చాలింది.