రుబియా పేరున్న ఇంజను

ఆదివారం పొద్దున పోనిరన్ వేసుకున్న పథకం సాదాసీదాది. బైకు పందెంలో పడకుండా చివరిదాకా వెళ్లాలి, ఎదురింటి గియార్తో అనేవాడి ఇంజను లాక్కోవాలి, సాయంత్రానికి పెళ్లాం ఇంజను పెళ్లానికి అప్పగించాలి.

ఈ గియార్తో వరసగా మూడు పందేలు గెలిచాడు. అదీ ఒక పాత ఫోర్-స్ట్రోక్ బండి మీద! తన ఇంజను మీద కోటిన్నర రూపియాలు కుమ్మరించినా తనకెప్పుడూ తొమ్మిదో స్థానమే. ఆ కుళ్లుతో పోనిరన్‌కు అన్నం సహించడం మానేసింది.

క్లాతెన్ ఊళ్లో చిన్న పందేలకు ఒక నియమం ఉంది. డబ్బున్నవాడు ఇంజను మీద విచ్చలవిడిగా ఖర్చుపెట్టకుండా, పందెం పూర్తిచేసిన ఎవరైనా మొదటి ముగ్గురిలో ఒకరి ఇంజనును యాభై లక్షల రూపియాలకు, అంటే మామూలు ఇంజను ధరకే, కొనెయ్యవచ్చు. ఇవ్వనంటే కప్పు పోతుంది. ఆ యాభై లక్షల కోసం పోనిరన్ గురువారం తన ఇంజనును దళారికి అమ్మేశాడు. పెళ్లాం రుబియా సంతలో అమ్మే టెంపే, అంటే పులిసిన సోయా గింజల అచ్చుల బుట్టలు మోసే బండి ఇంజను పీకి తన పందెం బండికి బిగించాడు.

"రేపు సంత. సాయంత్రానికి నా ఇంజను నాకు కావాలి," అంది రుబియా, అతను పందేనికి బయల్దేరుతుంటే.

"వాడిది నా బండికి, నీది నీ బండికి. సరేనా?"

"అతనిది లాక్కుంటే నీకేమొస్తుందయ్యా?"

"వాడికి ఉండదుగా!"

పందెంలో గియార్తో మళ్లీ గెలిచాడు. ఆఖరి మలుపులో ఐదుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనకాల నింపాదిగా వస్తున్న పోనిరన్ వాళ్లను తప్పించుకుని మూడోవాడిగా వచ్చాడు. ఎనిమిదేళ్లలో మొదటి కప్పు! అయినా అతని కళ్లు గియార్తో కప్పు మీదే ఉన్నాయి. అది జానెడు పొడుగు ఎక్కువ.

"ఆ ఇంజను నాకు కావాలి," అని డబ్బు నిర్వాహకుల బల్ల మీద పెట్టాడు.

"తీసుకో అన్నా," అన్నాడు గియార్తో నవ్వుతూ. ఆ నవ్వు పోనిరన్‌కు అసలు నచ్చలేదు.

నీలం రంగు ఇంజనును తిరగేసి చూస్తే అడుగున చెక్కిన అక్షరాలు కనిపించాయి: రుబియా.

"ఒరే! నీ ఇంజను మీద నా పెళ్లాం పేరేంట్రా?" అంటూ చొక్కా పట్టుకున్నాడు. గియార్తో వాళ్లింటికొచ్చి టెంపే కొన్న రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి. అంత టెంపే మనిషన్నవాడు తినగలడా?

"నాకేం తెలుసన్నా! నా ఇంజను మొన్న ప్రాక్టీసులో పగిలిపోయింది. శుక్రవారం దళారి దగ్గర ఇది కొన్నా. రంగు మాత్రమే నేనేశా."

పోనిరన్ చెయ్యి జారిపోయింది. అచ్చొస్తుందని, గురువారం అమ్మేసిన తన ఇంజను మీద ఆ పేరు చెక్కింది తనే.

"మరి నాకిప్పుడు ఇంజను లేదు కదా," అంటూ గియార్తో అదే డబ్బు బల్ల మీదికి జరిపాడు. "మూడో బండిది ఇప్పించండి."

కప్పు వదులుకుంటే రుబియా టెంపే బండి ఇంజను దక్కుతుంది. పోనిరన్ కప్పును గుండెకు హత్తుకున్నాడు, టెంపే బండి ఇంజను గియార్తో పట్టుకుపోయాడు.

ఇంటి దగ్గర రుబియా కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద సంతకెళ్లొచ్చా?"

పోనిరన్ కప్పు పక్కన పెట్టి, నీలం ఇంజనును ఆమె బండికి బిగించాడు.

మర్నాడు రెండు బుట్టల టెంపేతో రుబియా సంతకు అందరికంటే ముందు చేరింది.