షట్టర్ల బీరువా

పాత టీవీ కనిపిస్తే చాలు, పాతసరుకుగారి కాళ్లు కదలవు. ఆ పేరు పెట్టింది ఆఫీసువాళ్లు, ఖాయం చేసింది భార్య. మంచం కింద ఇప్పటికే మూడు టీవీలు పడుకుని ఉన్నాయి. ఇంకొక్కటి గుమ్మం దాటితే అన్నిటినీ కలిపి తూకానికి వేసేస్తానని ఆవిడ తేల్చి చెప్పింది.

సరిగ్గా అప్పుడే పాత సామాన్ల కొట్టులో, రాగి తీగ కోసం కొట్టువాడు సుత్తి ఎత్తిన టీవీ పెట్టె ఒకటి ఆయన కంటపడింది. అసలైన చెక్క. పక్కలకి జరిగే షట్టర్లు. వెనక స్క్రూ మీద లక్క సీలు చెక్కుచెదరలేదు, అంటే లోపల ఎవరూ వేలు పెట్టలేదన్నమాట. ఇంతకీ పిక్చర్ ట్యూబు వెలుగుతుందా? అది తేలితే గాని ఆయనకి ముద్ద దిగదు.

షట్టర్లు మూసి, వైరు వెనక దోపి ఇంటికి చేర్చాడు.

"ఏంటండీ అది?"

"బీరువా. నీ బట్టలకి."

"నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ ఉన్నదే. బయటపడలేదంతే."

ఆవిడ వెనక్కి వెళ్లి తొంగిచూసింది. "ఈ చిల్లులెందుకు?"

"బట్టలకి గాలాడొద్దూ?"

"నిజమే. తీయండి, సర్దుకుంటాను."

"తలుపు బిగుసుకుంది. బాగుచేయిస్తాలే."

"పర్లేదు, అప్పటిదాకా పైన పెట్టుకుంటా."

బట్టల దొంతర పైకెక్కింది. ఆవిడ పక్కింటికి వెళ్తే ప్లగ్గు పెడదామని ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ కదల్లేదు. కడుపునొప్పని సెలవు పెడితే, రోజంతా ఆ గదిలోనే కూర్చుని గంజి తాగించింది. చేసేది లేక మర్నాడు ఆఫీసుకి పోయాడు.

సాయంత్రం వీధిలో బావమరిది ఎదురయ్యాడు. రేడియో మెకానిక్కు.

"మంచి పీసు పట్టారు బావగారూ. అక్క రమ్మంటే వచ్చి, మా షాపులోని క్యాసెట్ ప్లేయరు తగిలించా. వేడెక్కడానికి టైం పట్టింది గానీ, మీ పెళ్లి వీడియో మొత్తం చూశాం. అక్క రెండోసారి కూడా వేయించుకుంది."

పాతసరుకుగారు ఆ మాటకి పరుగున ఇల్లు చేరాడు.

"పెళ్లి వీడియో వేశారట. బొమ్మ ఎలా వచ్చింది?"

"బీరువాలో బొమ్మేంటండీ?"

ఆయన షట్టర్ల మీదికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"టీవీ అయితే మంచం కింద వాటితో సహా తూకానికే," అందావిడ తీరుబడిగా. "బీరువా అయితే ఇక్కడే ఉంటుంది. అదేంటో మీ నోటితో మీరే చెప్పండి."

మూసిన షట్టర్లకేసి ఆయన ఆశగా చూశాడు.

"బీరువానే."

"అయితే ఆ బట్టలు కాస్త మడతపెట్టండి."