సంబంధిత గేదె అందుబాటులో లేదు

పరాయి దేశంలో దిగడం కన్నా భూమ్మీద పుట్టడం సులువు. పుట్టేటప్పుడు ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. (పుట్టగానే ఏడవచ్చు కూడా. దిగేచోట ఏడవడానికి వేరే కౌంటరుంది.)

పెడనలో కలంకారీ అద్దే శోభనాద్రి దుప్పట్ల మూటతో పరదేశపు చేతిపనుల సంతకు వెళ్లాడు. అక్కడ ఆర్డరు దొరికితేనే షెడ్డులో మూలపడ్డ అద్దకపు బల్లలు మళ్లీ లేస్తాయి. ప్రతి దుప్పటి మీదా వాళ్ల నాన్న చెక్కిన చిలక అచ్చే. ఎప్పుడో కిందపడి చిలక ముక్కు విరిగినా అచ్చు మార్చలేదు. "సర్కారోళ్ల దగ్గర అబద్ధమాడకయ్యా" అని భార్య కొండమ్మ ఒట్టు వేయించుకుని పంపింది. కొంప అక్కడే మునిగింది.

ఆ దేశపు విమానాశ్రయంలో దుబాసీ ఉద్యోగం చేసే సుభాషిణిది గుడివాడ.

"బాబాయ్ గారూ, మూటలో పాలూ పెరుగూ ఏమన్నా ఉన్నాయా?"

"పాలున్నాయమ్మా. దుప్పట్లకి పట్టించాం."

"దుప్పట్లకా!"

"కరక్కాయ నీళ్లల్లో గేదెపాలు కలిపి గుడ్డ ముంచాలి. లేకపోతే రంగు పాకిపోద్ది కదా?"

"అయ్యో, లేవంటే పోయేది కదండీ! ఇప్పుడిది నేను వాళ్లకి చెప్పాలి."

చెప్పింది. పశుసంబంధ వస్త్రాల ఉపనియంత్రణాధికారి వచ్చి, దుప్పట్లు వాసన చూసి, ఇవి పాడి కిందికొస్తాయని తేల్చాడు. పాడి అన్నాక పశువు ఆరోగ్యపత్రం కావాలి. (ఫొటోతో. రెండు చెవులూ కనబడాలి.) పెడనకి ఫోను చేశారు. గేదె చెరువులో ఉందనీ, పొద్దుగూకితేగాని గట్టెక్కదనీ కొండమ్మ చెప్పింది. "సంబంధిత గేదె అందుబాటులో లేదు" అని అధికారి రాసుకుని, విరిగిపోకుండా దుప్పట్లను చల్లగదిలో పెట్టించాడు. శోభనాద్రిని మాత్రం వెళ్లనిచ్చారు. (అతను పొద్దున తాగిన కాఫీ సంగతి ఎవరూ అడగలేదు.)

సంత జరిగినన్నాళ్లూ అతను ఖాళీ బల్ల వెనక నిలబడ్డాడు. వచ్చినవాళ్లు బల్ల బాగుందని మెచ్చుకున్నారు.

తిరుగు ప్రయాణంనాడు దుప్పట్లు చేతికిచ్చారు. విమానం వైపు నాలుగడుగులు వేశాడో లేదో ఇంకో అధికారి ఆపాడు. కాగితాల్లో పాలని ఉంది. పాలు ద్రవం. ద్రవం అరగ్లాసు మించి విమానం ఎక్కకూడదు.

"పిండి చూసుకోమనమ్మా! చుక్క రాలితే మీసం తీసేస్తా."

"పిండే అధికారం తనకి లేదంటున్నాడు బాబాయ్ గారూ."

మూట అక్కడే ఉండిపోయింది.

విమానమెక్కే దారిలో ఓ దుకాణం. అద్దాల వెనక ఓ దుప్పటి, పక్కన 'ప్రాచీన కళ' అని బోర్డు. దుప్పటి నిండా చిలకలు. ప్రతిదానికీ ముక్కు విరిగే ఉంది.

"దీనికి పాలు పట్టారా అడుగమ్మా."

"పట్టలేదంటండీ. మిషనులో వేశారంట."

నాన్న చిలకని అక్కడ వదల్లేక శోభనాద్రి ఒకటి కొన్నాడు. దాన్ని రెండు దేశాల్లోనూ ఎవరూ ఆపలేదు.