పెళ్లింట అడ్రస్ బుక్కు పాడైతే

పెళ్లి కుదిరిన ప్రతి ఇంట్లోనూ కల్యాణమండపానికీ, మేళానికీ, వంటవాళ్లకీ అడ్వాన్సులు ఇచ్చే ముందు చేసుకోవలసిన ఏర్పాటు ఒకటుంది. ఇంట్లో కంప్యూటర్ అంటూ ఉంటే, అందులోని ఈమెయిల్ అడ్రస్ బుక్కును వెంటనే పాడుచేసుకోవాలి!

నవ్వకండి. నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. అడ్రస్ బుక్కు కరప్ట్ అయిందని దిగులుపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తెలిసినవాళ్ల అడ్రసులన్నీ కంప్యూటర్ తన కడుపులో దాచుకుని, ఒక్క మీట నొక్కగానే అందరికీ ఒకేసారి కబురు పంపే సదుపాయం పోయిందని కదా వాళ్ల బాధ? పోయినందువల్ల ఏమొచ్చిందో వాళ్లు ఆలోచించరు.

మన కృష్ణా జిల్లాలో అన్నిటికంటే పెద్ద తగాదా ఏది? పొలం గట్టు తగాదానా? కాదు. పిలుపు తగాదా! గట్టు తగాదా అయితే కోర్టులో తేలుతుంది. పిలవలేదన్న కేసు ఏ కోర్టు తీసుకుంటుంది? పిలవకపోవడం సరే, పిలిచినా తప్పే. కార్డు పోస్టులో పడేశారంటారు. ఫోన్లో చెప్పి చేతులు దులుపుకున్నారంటారు. ఇంటికి వచ్చారు గానీ గుమ్మంలో నిలబడే ఇచ్చి వెళ్లారంటారు. మగవాళ్లు వచ్చారు గానీ ఆడవాళ్లు బొట్టు పెట్టి పిలవలేదంటారు. ఆ మాట మనవల దాకా నడుస్తుంది.

ఈ సంగతి గుడివాడలో మోటార్లు, ఆయిలింజన్లు అమ్మే శివరామయ్యగారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన అక్కగారి పెళ్లికి వాళ్ల నాన్న పామిడిముక్కలలోని మేనత్తగారింటికి పిలుపు చెప్పడం మరిచిపోయారు. అంతే, ఆ రెండిళ్ల మధ్యా మాటలు ఆగిపోయాయి. ఆ ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే వాళ్ల నాన్న కిటికీలోంచి బయటికి చూసేవారు కాదట. అందుకే కిందటి వేసవిలో కూతురు అనూషకి పెళ్లి కుదరగానే శివరామయ్యగారికి పట్టుకున్న బెంగ ఒక్కటే. పప్పులో ఉప్పు తగ్గినా సర్దుకోవచ్చు, ఒక్క పిలుపు తప్పినా తన చేతుల మీదుగా ఒక బంధుత్వం తెగిపోతుంది.

అయితే నాన్నగారికి లేని ఆయుధం ఆయనకు ఉంది. అదే అడ్రస్ బుక్కు!

కంప్యూటర్ కొన్న రోజు నుంచీ శివరామయ్యగారు మనిషి కనిపిస్తే కుశలం అడగడం మానేసి ఈమెయిల్ అడగడం మొదలుపెట్టారు. మోటారు కొన్నవాళ్లు, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లు, ఎప్పుడో ఒకసారి పళ్లు చూసిన డాక్టరు, అందరూ ఆ బుక్కులోకి ఎక్కారు. ఆరొందల పైచిలుకు జనం! వాళ్లందరికీ ఆయన రోజూ ఏదో ఒకటి ఫార్వర్డ్ చేసేవారు. సూర్యోదయం బొమ్మ, కిడ్నీలో రాళ్లకు మందు, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందన్న హెచ్చరిక, ఆదివారం పేపర్లో నచ్చిన వ్యాసం స్కాన్ చేసిన కాపీ. ఇంటర్నెట్ ఫోన్ లైను మీదే కాబట్టి ఆయన ఫార్వర్డ్ చేస్తున్నంతసేపూ ఇంటి ఫోన్ ఎంగేజ్‌లోనే ఉండేది.

పెళ్లి పిలుపులకు ఆయన వేసిన ప్లాను చాలా సులువు. గుడివాడలో వాళ్లకు కార్డులు, పైఊళ్ల వాళ్లకు ఈమెయిల్. ఆయన భార్య ఇందిరగారు ఒప్పుకోలేదు. పిలుపంటే మనిషి వెళ్లాలని, ఆ ఇంట మంచినీళ్లు తాగి రావాలని ఆవిడ వాదం. ఆయన నవ్వేసి, కార్డును రంగుల్లో స్కాన్ చేయించి పెట్టుకున్నారు. పైఊళ్లలో ఈమెయిల్ లేని మనుషులు కూడా ఉంటారన్న సంగతి ఆ భార్యాభర్తల వాదనలో ఎక్కడా రాలేదు. పాఠకులు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలని మనవి.

అన్నీ సిద్ధం చేసుకుని, వియ్యాలవారి తరఫు పేర్లు కూడా కొత్తగా చేర్చి సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. మోటార్లు అమ్మే ఇంట్లో యూపీఎస్ లేదా అంటారా? ఉంది. కాకపోతే ఆ వేళ క్రికెట్ మ్యాచ్ ఉందని దాన్ని టీవీకి తగిలించారు. మ్యాచ్ ఒక్క బంతి కూడా పోకుండా కనిపించింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ తెరిస్తే పేర్లున్న చోటల్లా చదరాలు, ప్రశ్నార్థకాలు. వియ్యంకుడిగారి పేరున్న చోట కూడా ప్రశ్నార్థకమే!

పామిడిముక్కల బస్సు శివరామయ్యగారి కళ్ల ముందు కదిలింది. ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే యుగంధర్‌గారిని పిలిపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫైలు సగం రాసి ఉండగా ప్రాణం పోయిందని తేల్చి, ప్రయత్నిస్తానన్నారు.

సరిగ్గా అప్పుడే ముదినేపల్లి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నూకరాజుగారు. శివరామయ్యగారికి పెదనాన్న కొడుకు, చేపల చెరువుల ఆసామి. ఏ పెళ్లికి వెళ్లినా పులిహోర నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అందులో ఏం తగ్గిందో పంక్తి అంతటికీ వినపడేలా చెప్పడం ఆయన అలవాటు.

"ఏరా శివరామయ్యా, అమ్మాయి పెళ్లంట. మాకు చెప్పాలనిపించలేదా?"

శివరామయ్యగారు అబద్ధం ఆలోచించే వ్యవధి లేక నిజమే చెప్పేశారు. "అడ్రస్ బుక్కు కరప్ట్ అయిందన్నయ్యా."

నూకరాజుగారికి కంప్యూటర్ లేదు. ఆయనకు వచ్చే మెయిళ్లు ఉయ్యూరులో అల్లుడి అడ్రసుకి వస్తాయి. అడ్రస్ బుక్కంటే ఏమిటని అడిగితే చిన్నతనం కదా! అందుకని ఆయన గొంతు తగ్గించి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. చూస్తున్నారని చెబితే, నువ్వేమీ మనసులో పెట్టుకోకురా అని ధైర్యం చెప్పి, ఫోన్ పెట్టేశారు.

శివరామయ్యగారు రిసీవర్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. తను రమ్మనలేదు. ఆయన అలగలేదు! ఒక్క ముక్కతో బంధుత్వం నిలబడింది, పులిహోర పరువు కూడా దక్కింది. ఈ ఒక్క ముక్క ఆనాడు నాన్నగారికి తెలిసి ఉంటే ఎంత బాగుండేది?

ఇక్కడే విధి అడ్డు తగిలింది. యుగంధర్‌గారు అడ్రస్ బుక్కును బాగుచేసేశారు.

ఎలాగంటారా? ఫార్వర్డ్ మెయిళ్ల దయ! పదిమందికి పంపకపోతే కీడు అన్న మెయిల్ ఒకటి శివరామయ్యగారు ఆరొందల మందికీ పంపారు. వాళ్లలో భయస్తుడెవరో దాన్ని తిరిగి ఆయనకే పంపాడు. తెరిచి చూస్తే మెయిల్ నెత్తిన అందరి పేర్లూ, అడ్రసులూ ఒక్కటి కూడా చెదరకుండా బారులు తీరి ఉన్నాయి. వియ్యాలవారి తరఫు కొత్త పేర్లు మాత్రమే మళ్లీ చేర్చుకోవలసి వచ్చింది. ఫార్వర్డ్ చేసేవాళ్లను మనం ఎన్నెన్ని మాటలంటాం! పనీపాటా లేదంటాం. నిజానికి మన బంధుమిత్రుల వివరాలన్నీ లోకానికంతటికీ పంచిపెట్టి భద్రపరుస్తున్న మహానుభావులు వాళ్లు. వాళ్లకు ఊరూరా సన్మానం జరగాలి.

యుగంధర్‌గారు గర్వంగా ఆ సంగతి చెబితే శివరామయ్యగారు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. బాగైన మాట బయట ఎక్కడా అనొద్దని మాట తీసుకున్నారు. తర్వాత తెర ముందు కూర్చుని, నచ్చిన పేరు దగ్గర నొక్కుతూ, నచ్చని పేరు దాటేస్తూ పోయారు. నొక్కినవాళ్లకు పిలుపు వెళ్లింది. దాటేసినవాళ్ల విషయంలో బుక్కు ఈనాటికీ కరప్టే!

పెళ్లి దివ్యంగా జరిగింది. పులిహోరకు వంక పెట్టినవాళ్లు లేరు. తర్వాత అడిగిన ప్రతివాళ్లకూ శివరామయ్యగారు అదే ముక్క చెప్పారు. ప్రతివాళ్లూ అయ్యో అన్నారు. నెల తిరిగేసరికి ఆ ముక్క జిల్లా అంతా పాకింది. ఉయ్యూరులో ఓణీల ఫంక్షన్‌కి తోడికోడలిని పిలవని ఆవిడ అదే చెప్పింది. అవనిగడ్డలో ఇంటికి ఫోన్ కూడా లేని పెద్దమనిషి అదే చెప్పాడు. మందు కొట్టే స్ప్రేయరు తీసుకెళ్లి తిరిగివ్వని రైతు, డ్రైనేజీ వేయిస్తానని ఓట్లు వేయించుకున్న వార్డు మెంబరు, అందరి అడ్రస్ బుక్కులూ ఒకే వేసవిలో కరప్ట్ అయ్యాయి. ఎక్కడా గొడవ లేదు. ఇంతటి శాంతి మన జిల్లాలో ఇదివరకు ఎన్నడైనా ఉందా?

శివరామయ్యగారికి మిగిలిన కష్టం ఒక్కటే. కరప్ట్ అయిందని చెప్పినవాళ్లకు మళ్లీ ఫార్వర్డ్ చేయకూడదు కదా, చేస్తే గుట్టు బయటపడుతుంది. ఎన్ని సూర్యోదయాలు, ఎన్ని చిట్కాలు! ఏడాదిగా పాపం ఆయన చేతులు పిసుక్కుంటూ కూర్చున్నారు.

తలుపు వేసుకుని జరిపిన ఈ సంగతులన్నీ నీకెలా తెలుసని మీరు అడగరేం?

ఇందిరగారు ఫోన్లో మా ఆవిడ రూతుతో చెప్పారు. చెబుతూ ఆవిడ బాధపడ్డారట. ఎందుకంటే బందరులో మేం చదువుకునే రోజుల్లో శివరామయ్యా నేనూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరికీ కలిపి ఒకటే సైకిల్. వరసకేం కాకపోయినా ఆనాటి నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. అనూష పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో వాడి పక్కన కూర్చున్నది నేనే.

పెళ్లి కుదిరిందని తెలిసి రూతు పట్టుచీర ఇస్త్రీ చేయించింది. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. బందరుకీ గుడివాడకీ ఎంత దూరం? గుడ్లవల్లేరు మీదుగా బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా దిగిపోతాం. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని నెల పొడుగునా వీధి గుమ్మంలోకి చూశాను. పెళ్లి రోజున రూతు, పోనీ మనమే వెళ్దాం, ఆయన పరాయివారా అంది. పిలవకుండా ఎలా వెళ్తామన్నాను. ఆ కొత్త చొక్కా వేసుకుని, కోనేరు సెంటర్ దాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చాను. మనసు చివుక్కుమంది. కోపం కూడా వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం.

కొన్నాళ్లు ఆగి నేనే ఫోన్ చేశాను. వాడు ఎప్పటిలాగే ఆప్యాయంగా మాట్లాడి, చివర్లో అన్నాడు. "నీకు చెబుదామనే అనుకున్నాను బావా. అడ్రస్ బుక్కు కరప్ట్ అయింది."

నేను కూడా అయ్యో అన్నాను. అలవాటు అలాంటిది.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. నాకు ఈమెయిల్ లేదు! ఈ వ్యాసాలు కూడా నేను పెన్నుతో రాసి, కవర్లో పెట్టి పోస్టు చేస్తాను. వాడి బుక్కులో నా పేరు ఏనాడూ లేదు. కరెంటు పోయినా, ఉన్నా, యుగంధర్‌గారు వచ్చినా, రాకపోయినా నాకు పిలుపు వచ్చే దారే లేదు. వాడు నన్ను కావాలని దాటేయలేదు. దాటేయడానికైనా పేరుండాలి కదా! మీట నొక్కితే అందరికీ వెళ్తుందనుకున్నాడు. ఆ అందరిలో నేను ఉన్నానో లేదో చూసుకోలేదు.

సరే, జరిగిందేదో జరిగింది. ఇక ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను.

శివరామయ్య ప్రతి ఆదివారం నా కాలమ్‌లో మొదటి సగం చదివి, బాగుందనుకుని, కిందటేడు దాకా స్కాన్ చేసి ఫార్వర్డ్ చేసేవాడు. రెండో సగం భోజనం అయ్యాక చదువుతాడు. ఇవాళ మొదటి సగంలోనే తన పేరుంది, తన బుక్కుంది, ఫార్వర్డ్ చేసేవాళ్లకు సన్మానం చేయాలని కూడా ఉంది. పేపర్లో తన పేరు చూసుకున్న మనిషి ఏడాదిగా పట్టి ఉంచిన చేతులను ఇంకా పట్టి ఉంచగలడా? ఈపాటికి ఆరొందల మందికీ పంపేసి ఉంటాడు. ఉయ్యూరులో అల్లుడు ప్రింటు తీసి ముదినేపల్లి పంపడానికి ఎంతోసేపు పట్టదు. నూకరాజుగారూ, అడ్రస్ బుక్కు ఆరోగ్యం ఎలా ఉందని మీరు అప్పట్లో అడిగారు. భేషుగ్గా ఉందండీ!

బావా, భోజనం అయిందా? అయితే ఇది నీకు. మా అమ్మాయి హేమకి పెళ్లి కుదిరింది, వచ్చే నెలలో, బందరులోనే. కార్డులో నీ పేరు నా చేత్తో రాశాను. బుధవారం పొద్దున నేనూ రూతూ బస్సెక్కి వస్తున్నాం. నీ అడ్రసు నాకు నోటికొచ్చు, పాడవడానికి ఏమీ లేదు. గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళ్లే రకం కాదు మేం, లోపలికి వచ్చి కూర్చుంటాం, భోజనం చేస్తాం. ఇందిర చెల్లెమ్మకి రూతు పక్కన కూర్చుని మరీ చెబుతుంది.

ఇంట్లో ఉండు. అప్పటికి నూకరాజుగారు కూడా అక్కడే ఉంటే మంచిదే, ఆయన్నీ పిలిచేస్తాం. మా పెళ్లిలో పులిహోర లేదు, బిరియానీ.