డోరీన్ పేరున్న గిన్నె

సోమవారం పొద్దున్నే నెవిల్ పెనం మీద మూడు గుడ్లు కొట్టి, ఇవాళ్టి నుంచి రొట్టె ముక్క ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య డోరీన్ పోయి నాలుగు నెలలైంది. ఆరేళ్ళ పాటు ఆవిడ అతని చేత రొట్టె, బంగాళదుంప, పంచదార మూడూ మానిపించి, గుడ్లూ మాంసమూ చేపలూ ఆకుకూరలూ పెట్టి, అతని ఒంట్లోని చక్కెరని చెప్పుచేతల్లో ఉంచింది. ఆవిడ వెళ్ళిపోయాక ఆ చక్కెరకి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

తప్పంతా నెవిల్‌ది అనడానికీ లేదు. వాళ్ళ చిన్న ఊరు కురావిల్లాలో ఎవరింట్లో చావు జరిగినా ఊరి ఆడవాళ్ళు వంతులేసుకుని వండి తెచ్చి, వరండాలో పెట్టి పోతారు. ఆ వంతుల పట్టీ మహిళా సంఘం అధ్యక్షురాలు మెర్ల్ చేతిలో ఉంటుంది. ఆవిడ గొంతెత్తితే పక్క పొలంలో గొర్రెలు కూడా వరసలో నిలబడతాయి. మంగళవారం మాకరోనీ, గురువారం చీజు దట్టించిన బంగాళదుంపలు, ఆదివారం కొబ్బరి కేకులు. మధ్యలో బుధవారం మెర్ల్ స్వహస్తాలతో చేసిన లసాన్యా: పాస్తా పొరల మధ్య మాంసం, పైన బెత్తెడు చీజు. ప్రతి గిన్నె అడుగునా టేపు మీద వండినావిడ పేరు రాసి ఉంటుంది. తిని, కడిగి, పేరు చూసి ఎవరిది వాళ్ళకి చేర్చాలి.

వద్దనడం మాత్రం కుదరదు. వద్దన్నాడంటే పెళ్ళాన్ని అప్పుడే మరిచిపోయాడని ఊరి లెక్క. పోస్టాఫీసు కాలిన్ రెండో నెలలోనే "చాలమ్మా, ఇక నేనే వండుకుంటా" అన్న పాపానికి, ఆర్నెల్లు అతని ముఖం చూసి నవ్విన ఆడమనిషి లేదు.

కానీ పోయిన శుక్రవారం క్లినిక్‌లో నర్సు టామ్సిన్ అతని రక్తం రిపోర్టు చూసి నోరెళ్ళబెట్టింది.

"ఏమిటండీ ఇది! మీ రక్తం జాం బదులు రొట్టె మీద రాసుకోవచ్చు. ఆరు వారాలు టైమిస్తున్నా. చక్కెర దిగకపోతే ఇన్సులిన్ సూదులే. అప్పుడు మీ బస్సు లైసెన్సు సంగతి పట్నంలో పెద్ద డాక్టరు తేలుస్తాడు. నా చేతుల్లో ఏమీ ఉండదు."

బస్సంటే బడి బస్సు. పొద్దునా సాయంత్రం ఇరవై రెండు మంది పిల్లలు, ఒకడు పాడేవాడు, ఒకడు ఏడ్చేవాడు, ఇద్దరు ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళు. డోరీన్ పోయాక నెవిల్‌తో రోజూ మాట్లాడేది వాళ్ళే. అదీ పోతే ఇంట్లో ఫ్రిజ్ మోత వింటూ కూర్చోవాలి.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. వచ్చిన తిండిని వద్దనడు, తినడు కూడా. బడికి కొత్తగా వచ్చిన మాస్టారి భార్య ఇమోజెన్‌కి నెల కిందటే కవలలు పుట్టారు. పాపం, తల దువ్వుకోవడానికే తీరిక లేదు, వంటెక్కడ చేస్తుంది? వాళ్ళ ఇల్లు బస్సు దారిలోనే ఉంది. తిండిని సొంత గిన్నెలోకి మార్చి ఇమోజెన్‌కి ఇచ్చేస్తే, అసలు గిన్నెలు తళతళా కడిగి ఎవరివి వాళ్ళకి పంపేయొచ్చు. పాము చావదు, కర్ర విరగదు.

సొంత గిన్నె అంటే అలమరలో ఉన్నది ఒక్కటే, నీలం అంచుది. దాని అడుగున కూడా టేపు ఉంది. దాని మీద డోరీన్ గుండ్రటి చేతిరాతలో ఆవిడ పేరుంది. నెవిల్ టేపు పీకడానికి గోరు పెట్టాడు. చెయ్యి రాలేదు. అలాగే ఉండనిచ్చాడు.

బుధవారం లసాన్యా అందుకున్న ఇమోజెన్ మర్నాడు ఖాళీ గిన్నె తిరగేసి చూసి, "డోరీన్ గారు ఎంత మంచివారండీ! మేం మెతుకు మిగల్చలేదని ఆవిడతో చెప్పండి" అంది.

అప్పుడే నిజం చెప్పేస్తే కథే ఉండేది కాదు. కానీ నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఎవరో డోరీన్ గురించి ఇంట్లో ఉన్న మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడారు. నెవిల్‌కి ప్రాణం లేచొచ్చింది. "చెబుతానమ్మా" అనేశాడు. దాంతో కొంప మునిగింది.

నాలుగు వారాలు గడిచేసరికి నెవిల్ బెల్టు రెండు బెజ్జాలు లోపలికి పోయింది. బస్సు నడుపుతూ ఈల వేస్తున్నాడు. మాంసం కొట్లో బారీ ఒకరోజు చాప్స్, అంటే ఎముకతో కోసిన గొర్రె మాంసం ముక్కలు, తూస్తూ ఆగిపోయాడు.

"మళ్ళీ నాలుగా? ఇంట్లో చుట్టాలా ఏంటోయ్?"

"చుట్టాలెవరున్నారు నాకు? ఆకలి!"

"అరవై ఆరేళ్ళకి కొత్తగా పుట్టిందా ఈ ఆకలి?" అని బారీ కన్ను కొట్టాడు. కన్ను కొట్టి ఊరుకుంటే బాగుండేది. వెళ్ళి పెళ్ళానికి చెప్పాడు.

అయిదో బుధవారం మహిళా సంఘం హాల్లో పొద్దుటి టీ జరిగింది. ఇమోజెన్ కవలల బండి తోసుకుంటూ వచ్చి, అందరినీ పరిచయం చేసుకుని, చుట్టూ చూసింది.

"డోరీన్ గారు రాలేదా? ఆవిడకి స్వయంగా థాంక్స్ చెబుదామని వచ్చాను. వారం వారం తన పేరున్న గిన్నెలో నెవిల్ గారి చేత లసాన్యా పంపిస్తారు మాకు."

ఎవరో సన్నగా, "అమ్మాయీ, డోరీన్‌ని మార్చిలో పాతిపెట్టాం కదే!" అన్నారు. ఇమోజెన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మెర్ల్ బల్ల మీద అరచేత్తో చరిచింది. "దయ్యాలు లసాన్యా చెయ్యవు. ఎవత్తో వచ్చి చేరింది ఆ ఇంట్లో! చాప్స్ నాలుగు కొంటున్నాడా లేదా? ఈల వేస్తున్నాడా లేదా? పైగా నా గిన్నెలు అద్దాల్లా కడిగి పంపిస్తున్నాడు. ఏ మగాడైనా అలా కడుగుతాడా? ఆర్నెల్లు తిరక్కుండానే, అదీ డోరీన్ గిన్నెలో!"

ఇమోజెన్ సంచిలో మధ్యాహ్నం కోసమని తెచ్చుకున్న, పోయిన వారం ఫ్రీజర్‌లో దాచిన లసాన్యా ముక్క ఉంది. సాక్ష్యం కింద దాన్ని బల్ల మీద పెట్టారు. మెర్ల్ ఫోర్కుతో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం వికారంగా పెట్టింది.

"ఛీ! నమిలితే చెప్పు అట్టలా ఉంది. ఉప్పు లేదు, జాజికాయ పొడి మాత్రం దోసిలి నిండా పోసింది. మన ఊరి ఆడది ఇలా చచ్చినా వండదు. ఇది పట్నం చెయ్యి!"

మెర్ల్ మొగుడు స్టాన్, ఆవిణ్ణి కారులో దింపడానికి వచ్చినవాడు, తనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఒక్కసారి నమిలి ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు, తర్వాత చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం చేసినవాడు కాబట్టి ఒక్క మాటా అనలేదు.

మర్నాడు ఆరున్నరకల్లా, బస్సు బయల్దేరకముందే, మెర్ల్ స్టాన్‌నీ ఇద్దరు సభ్యురాళ్ళనీ వెంటేసుకుని నెవిల్ వాకిట్లో దిగింది. తలుపు తట్టే ప్రసక్తే లేదు. తిన్నగా వంటింట్లోకి నడిచింది.

పొయ్యి మీద చాప్స్ చిటపటలాడుతున్నాయి. నెవిల్ చేతిలో గరిటె ఉంది. ఎదురుగా బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి లసాన్యా మారుస్తూ అలాగే కొయ్యబారిపోయాడు.

"ఏదీ ఆవిడ?" అంది మెర్ల్.

"ఎవరు?"

"నంగనాచి వేషాలు వెయ్యకు! వారం వారం నీ ఇంట్లో ఆ దిక్కుమాలిన లసాన్యా వండేది ఎవరో చెప్పు. పేరు చెప్పే దాకా ఇక్కణ్ణుంచి కదలను!"

నెవిల్ గిన్నె వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. అబద్ధం ఆడదామన్నా ఒక్కటీ తోచలేదు.

"మెర్ల్... అది నువ్వే."

పొయ్యి మీద చాప్స్ మాడుతున్నాయి. మెర్ల్ గబగబా బల్ల దగ్గరికి వెళ్ళి ఒక గిన్నె ఎత్తి అడుగు చూసింది. తన పేరే. రెండోది ఎత్తింది. డోరీన్ పేరు. కుర్చీలో కూలబడింది.

నెవిల్ పొయ్యి ఆర్పి అంతా చెప్పేశాడు: చక్కెర, సూదులు, బస్సు, కవలలు. "నీ వంటకి వంక పెట్టలేదు మెర్ల్, ఒంటికి పడక తినలేదు. వద్దంటే డోరీన్‌ని మరిచిపోయానంటారని భయం. మరిచిపోవడమా! ఆ టేపు పీకడానికే నాకు చేతకాలేదు. ఆవిడ పెట్టిన తిండే మళ్ళీ తింటున్నా. నాలుగు చాప్స్ అంటావా, ఎప్పుడూ ఇద్దరికే తెచ్చేవాణ్ణి. ఒక్కడికి ఎంత కొనాలో ఇప్పటికీ తెలీదు నాకు." ముఖం తుడుచుకుని, "నిన్ననే నర్సు చెప్పింది, చక్కెర దిగిందట. బస్సు నాదే" అన్నాడు.

సభ్యురాళ్ళిద్దరూ ముక్కులు చీదారు. మెర్ల్ కూడా ఏడ్చింది, కానీ కాస్త కోపంగా ఏడ్చింది. "నోరు తెరిచి ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదయ్యా! హాల్లో అందరి ముందూ నా వంటని నా నోటితోనే తిట్టించావు!"

"నీ దగ్గర నోరు తెరిచినవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు?" అన్నాడు నెవిల్. ఆ మాటకి అందరికన్నా ముందు నవ్వింది మెర్లే. అక్కడికక్కడే సంచిలోంచి వంతుల పట్టీ తీసి, నెవిల్ పేరు కొట్టేసి, ఇమోజెన్ పేరు రాసింది.

ఈ సందట్లో స్టాన్ ఎప్పుడు కూర్చున్నాడో, రెండు చాప్స్, రెండు గుడ్లు ఎప్పుడు ఖాళీ చేశాడో ఎవరూ చూడలేదు. వెళ్ళేటప్పుడు అతను గుమ్మం దగ్గర వెనక పడి, నెవిల్ చెవిలో, "రేపు కూడా రెండు ఎక్కువే పడెయ్" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి స్టాన్ రోజూ పొద్దున్నే నడకకి వెళ్తున్నాడు. నెవిల్ ఇల్లు వాళ్ళింటికి మూడో గుమ్మం. నడక మహిమ వల్ల తన మొగుడు నాలుగు కిలోలు తగ్గాడని మెర్ల్ సంఘంలో గొప్పగా చెప్పుకుంటోంది.