ఖాడీ అడిగిన కుక్క

పొద్దున్నే కొత్త ఇంజన్‌కు పూజ చేసి, పెళ్ళాన్ని ఖాడీలో షికారు తిప్పి, మధ్యాహ్నానికల్లా ఆవిడ అప్పగారింట్లో కోడికూర తిని, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అసిరయ్య అనుకున్నది ఇంతే. ఇందులో ఏ దేవుడికీ, ఏ దయ్యానికీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. తెడ్డు వేసి వేసి చేతులు కాయలు కాచిన మనిషి. డిగ్లీపూర్ దాపున ఉన్న ఆ జాలరి పల్లెలో మొదటి మోటారు ఇంజన్ తనదే అయ్యేసరికి అతని కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తెడ్లు రెండూ తెచ్చి ఇంటి చూరులో దోపేశాడు.

"ఒకటైనా ఉంచు మావా" అంది భార్య బుల్లమ్మ.

"ఇంజనున్నోడికి తెడ్డెందుకే? సూసినోళ్ళు నవ్వరూ?"

ఆవిడ పుట్టింటివాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు సామాను సగం అక్కడే వదిలేశారు గానీ, ఆచారాల్లో ఒక్కటి కూడా వదలలేదు. కొత్త పడవ నీళ్ళలో దిగాలంటే దాని ముక్కుకు పసుపు రాయాలి, బొట్టు పెట్టాలి. పడవకైతే ముక్కూ ముఖం ఉంటాయి. ఇంజన్‌కు నుదురెక్కడ? బుల్లమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, నెత్తిన గుండ్రంగా కనిపించిన నూనె టంకీ మూతే నుదురని తేల్చుకుంది. దాని మీద బొటనవేలి మందాన పసుపు మెత్తి, రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దింది. ఇంజన్ ముత్తైదువలా వెలిగిపోయింది.

అప్పుడే పక్కింటి ముసలమ్మ తాతమ్మ కర్ర పొడుచుకుంటూ జెట్టీ దాకా వచ్చింది. "ఓలి బుల్లీ, ఆ ఖాడీ మంచిది కాదే. కొత్త పడవెల్తే ఏదోటి అడుగుద్ది. అడిగింది ఇచ్చేయాల. ఇవ్వకపోతే మనిసినే లాగేసుకుంటాది" అని చల్లని కబురు చెప్పి వెళ్ళిపోయింది.

పడవ కదిలింది. ముందు సరంగు నిలబడింది. సరంగు అంటే వాళ్ళ కుక్క. ఎప్పుడు పడవెక్కినా ముందుకెళ్ళి నిలబడి ఓడ నడిపేవాడిలా పోజు పెడుతుంది గనక ఆ పేరు వచ్చింది. పిల్లల్లేని ఆ ఇంట్లో మొదటి ముద్ద దానిదే. అది తిననిదే వాళ్ళిద్దరికీ ముద్ద దిగదు.

ఖాడీ అంటే సముద్రం అడవిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి ఏరు. రెండు పక్కలా మడ చెట్లు వేళ్ళు పైకి తేలి, బురదలో కాళ్ళు దింపుకుని నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ కొమ్మలు దగ్గరయ్యాయి. పొద్దు నడినెత్తికి వస్తున్నా నీటి మీద మసక వెలుతురే. ఇంజన్ మోత తప్ప ఒక పిట్ట కూడా పలకలేదు. ఆ మోత కూడా రెండో మలుపులో దగ్గి, మూలిగి, ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం వాళ్ళెప్పుడూ వినలేదు. బురదలో ఎక్కడో బుడగ చిట్లింది. సరంగు వెన్ను మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఆగిపోనాదేటి మావా?"

"ఆగిపోలేదే. కొత్తది కదా, జరా దమ్ తీసుకుంటాది."

తాడు లాగాడు. ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ లాగాడు. బుల్లమ్మ ముఖం పాలిపోయింది. "అడుగుతున్నాది మావా. తాతమ్మ సెప్పలేదూ?" అంటూ కొబ్బరికాయ కొట్టి, చెక్కలు రెండూ నీళ్ళలో వదిలి, ఇంజన్ నుదుట మరింత పసుపు అద్ది దండం పెట్టింది. ఈ తతంగం అయ్యాక అసిరయ్య తాడు లాగితే ఇంజన్ బుద్ధిగా మొదలైంది.

"సూసేవా? అడిగింది, ఇచ్చేం. హిసాబ్ బరాబర్" అన్నాడు అసిరయ్య. అన్నాడే గానీ నీళ్ళ వైపు చూడలేదు.

మరో మలుపు తిరిగేసరికి మళ్ళీ ఆగింది. ఈసారి అరటిపళ్ళు ఇచ్చారు, బొట్టు పెట్టారు. కాసేపాగి లాగితే కదిలింది. అంతలోనే మళ్ళీ ఆగింది. అన్నం మూట విప్పి ముద్దలు వదిలారు. ముద్ద నీటి మీద పడీ పడగానే అడుగు నుంచి ఏదో గుటుక్కున లాక్కుంది. వలయాలు ఒడ్డు దాకా పాకాయి. బుల్లమ్మ కెవ్వుమంది. ఒడ్డున పడి ఉన్న దుంగ ఒకటి ఆ కేకకు కళ్ళు తెరిచి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది.

"మగరే అది! మొసలి!" అసిరయ్య కాళ్ళు పైకి లాక్కున్నాడు. "సెయ్యి బయట పెట్టకు. దాన్ని కూడా లోపలికి లాగు."

బుల్లమ్మ సరంగును ఒడిలోకి లాక్కుంది. అది ఒణుకుతూ నీటికేసే చూస్తోంది. ఇచ్చినకొద్దీ ఖాడీకి ఆశ పెరిగింది. ముందు ఒక మలుపుకు ఒకసారి అడిగింది, తర్వాత పది బారలకోసారి అడిగింది. సరంగు వాటా అన్నం పోయింది. అక్క కాసులమ్మ కోసం కొన్న కొత్త చీర పోయింది. అసిరయ్య బీడీకట్ట పోయింది. తాగడానికి తెచ్చిన మంచినీళ్ళు కూడా పోశారు. ఇచ్చిన ప్రతిసారీ ఇంజన్ నుదుట ఇంకో పొర పసుపు పడింది.

మంచినీళ్ళు అయిపోయాయి గనక ఆఖరిసారి పసుపు కలపడానికి తడి లేదు. ఉప్పునీళ్ళతో కలిపితే దోషం. అక్కకని తెచ్చిన నేతి డబ్బా ఒక్కటే మిగిలింది. బుల్లమ్మ నెయ్యి పోసి పసుపు ముద్ద చేసి మూత నిండా మెత్తింది. అసిరయ్య తాడు లాగాడు. లాగాడు. చేతులు పడిపోయేదాకా లాగాడు. ఈసారి ఇంజన్ ఎంత ఆగి లాగినా కదల్లేదు. ఖాడీలో నీరు వెనక్కి తీస్తోంది. బురద గట్లు బయటపడుతున్నాయి. మొసలి తల పడవకు రెండు బారల దూరంలో తేలి, అక్కడే నిలిచిపోయింది.

"ఇంకేటి మిగిలింది మావా?"

ఇద్దరూ సరంగు వైపు చూడకూడదని ఆకాశం చూశారు, అడవిని చూశారు, పాదాలు చూసుకున్నారు. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి దాన్నే చూశారు.

"దాన్నే అడుగుతున్నాదేమో" అంది బుల్లమ్మ, తన గొంతు తనకే కొత్తగా వినిపించి.

"నోర్ముయ్."

"నానడగలేదు మావా. ఖాడీ అడుగుతున్నాది. మనిసిని తీసుకుంటాదంట. నువ్వే పోతే నానేటైపోవాల?" ఆవిడ ఏడుస్తూనే వేలితో కుంకుమ తీసి సరంగు నుదుట పెట్టింది. అది పండగనుకుని తోకాడించింది. అసిరయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి పడవ అంచు దాకా తీసుకెళ్ళాడు. నీళ్ళలో మొసలి కళ్ళు రెప్ప వేయలేదు. సరంగు అతని గడ్డం నాకింది.

అసిరయ్య కూలబడిపోయాడు. "నా వల్ల కాదే! కావాలంటే నన్నే తీసుకోమను! ఈ గొడ్డుని ఇచ్చి ఇంటికెల్తే ఏ మొకం పెట్టుకుని అన్నం తింటాన్రా దేవుడా!" అని గోలుగోలున ఏడ్చాడు. బుల్లమ్మ వచ్చి అతన్నీ కుక్కనూ కలిపి పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. పొద్దుట్నుంచీ మెతుకు దొరకని సరంగుకు ఈ ఏడుపులు పట్టలేదు. ఎక్కడో నేతి వాసన కొడుతోంది. వాళ్ళ చేతుల్లోంచి జారి ఇంజన్ దగ్గరికి పోయింది. ముందు కాళ్ళు దాని మీద మోపి, టంకీ మూతను ఇష్టంగా, శ్రద్ధగా, ఒక్క పసుపు మరక మిగలకుండా నాకేసింది.

హుస్‌స్‌స్ మంటూ ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చిన చప్పుడయింది.

"ఓలమ్మో! ఇన్నావా? శాంతించింది!" అంది బుల్లమ్మ, లేచి నిలబడి చేతులు జోడించి. అసిరయ్య ముక్కు తుడుచుకుంటూ తాడు లాగాడు. ఇంజన్ మొదటి లాగుకే గర్జించింది. పడవ తిప్పితే తిరిగింది, పొమ్మంటే పోయింది, జెట్టీ వచ్చేదాకా ఒక్క దగ్గు దగ్గలేదు. కోడికూర సంగతి ఇద్దరికీ గుర్తే లేదు. పల్లెలో దిగేసరికి కబురు పాకి, తాతమ్మ వచ్చి సరంగు కాళ్ళు కడిగింది.

మర్నాడు పొద్దున, ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ గణేశ్వరరావు సర్వీసుకని వచ్చి మూత తిప్పి చూశాడు. అంచుల్లో ఇంకా పసుపు గీతలు కనిపించాయి. "ఢక్కన్ మీద హల్దీ ఎవరు పెట్టేరు భయ్యా? ఇదిగో, ఈ సన్న బెజ్జంలోంచే టంకీకి గాలెల్తాది. ఇది మూసేస్తే తేల్, అదే నూనె, కిందకి దిగదు, బండి ఆగిపోద్ది. కాసేపుంచితే కొంచెం గాలి దూరి మళ్ళీ చాలూ అవుద్ది. గట్టిగా మూసేస్తే అదీ ఉండదు. కుక్క నాకిందంటున్నారు కదా? అదే మీకు మిస్త్రీ."

అసిరయ్య మూతను చేతిలోకి తీసుకున్నాడు. బెజ్జాన్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంటికి వచ్చాడు. బుల్లమ్మ అరుగు మీద కూర్చుని తన కంచంలోంచే సరంగుకు ముద్దలు పెడుతోంది. అతను ఎదురుగా కూర్చుని, బెజ్జం సంగతంతా చెప్పాడు. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ఖాడీ ఏటీ అడగలేదా?"

"లేదే."

"మరి దీన్ని అడిగిందెవరు మావా?"

అసిరయ్య సరంగు వీపు నిమిరాడు. "మనమే" అన్నాడు.

బుల్లమ్మ సరంగు నుదుటి మీది కుంకుమను కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. అది ఆవిడ ఏడుపును పట్టించుకోకుండా, మోకాలి మీద కాలు వేసి ఇంకో ముద్ద అడిగింది.

ఈసారి అడుగుతున్నదెవరో ఇద్దరికీ అనుమానం రాలేదు.