ఊఁ కొట్టిన చెవులు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి. మా వీధంతా నవ్వేసింది, మీరొక్కరూ ఆగి ఏం లాభం?

నేను గడియారాలు బాగుచేస్తానని మీకు తెలుసుగా. నా పనికి కళ్ళెంతో చెవులూ అంతే. అలాంటిది మొన్నామధ్య ఒకాయన గోడ గడియారం తెస్తే, చెవి దగ్గర పెట్టుకుని, "భేషుగ్గా నడుస్తోందండీ" అని తిప్పి పంపేశాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. "దీంట్లో బ్యాటరీయే లేదు కదయ్యా!" అన్నాడు. టిక్కుటిక్కుమన్నది గడియారం కాదు, నా చెవి.

చెవుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "బండి నడుపుతారా?" అనడిగాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఒకటే మోటార్ సైకిల్. పేరు సింహం. నేను తప్ప ఇంకెవరూ దాని హ్యాండిల్ ముట్టుకోలేదు," అన్నాను ఛాతీ విరుచుకుని.

"హెల్మెట్‌లోకి దూరే గాలి హోరుకి చెవులు పాడవుతాయి. ఇవి పెట్టుకోండి," అని మెత్తటి చెవి బిరడాలు రెండు జతలు చేతిలో పెట్టాడు. "హోరు తగ్గుతుంది. హారన్లు మాత్రం వినిపిస్తాయి."

మర్నాడు పెట్టుకుని బండెక్కాను. అబ్బ! హోరు పోయింది. హారన్లు వినిపిస్తున్నాయి. వెనక కూర్చున్న మా ఆవిడ మాట మాత్రం పక్కింటి రేడియోలా వట్టి గొణుగుడైపోయింది. ఈ సంగతి డాక్టరు ముందే చెప్పి ఉంటే అక్కడికక్కడే కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి.

మా ఆవిడ లెక్కల టీచరు. ఇంటి నుంచి బడిదాకా అరగంట దారి, అరగంటా పాఠమే. ఊఁ కొట్టకపోతే మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. అయితే ఆవిడకో అలవాటుంది. మాట పూర్తి కాగానే ముందుకు వంగుతుంది, ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి ఠక్కున తగులుతుంది, మాట బరువుని బట్టి ఒకసారో, రెండుసార్లో, మూడుసార్లో. ఇంకేం, నేనో పద్ధతి కనిపెట్టాను. ఒక ఠక్కుకి "ఊఁ". రెండు ఠక్కులకి "అయ్యో". మూడయితే "అంతేగా మరి!"

మూడు వారాలు మా కాపురం మూడు పువ్వులూ ఆరు కాయలూ. "ఈమధ్య నా మాట ఎంత శ్రద్ధగా వింటున్నారండీ!" అని మురిసిపోయింది. ఆ మాట ఇంట్లో అంది కాబట్టి వినిపించింది.

ఇంతలో మా రోడ్డు తవ్వారు.

గుంత వచ్చింది. ఠక్. "ఊఁ" అన్నాను. ఇంకో రెండు గుంతలు. "అయ్యో" అన్నాను. వరసగా మూడు. "అంతేగా మరి!" అన్నాను హుషారుగా. ఆవేళ ఆవిడకి గొంతు పట్టేసి పొద్దుట్నుంచీ మాటే లేదన్న సంగతి, బడి దగ్గర దింపాక గుర్తొచ్చింది. ఆవిడ నా చెవుల వంక ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

వారం తిరిగాక, సోమవారం పొద్దున్న బయటికొచ్చి చూద్దును కదా, సింహం ముందు సీటు మీద మా ఆవిడ!

"ఇదేమిటి?"

"అదేమిటండీ, మీరే ఒప్పుకున్నారుగా," అని సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. "మంగళవారం, రైలు గేటు దగ్గర. 'పెళ్ళికి ముందు మా నాన్న బండి నడిపినదాన్ని, లైసెన్సు అలాగే ఉంది, ఇకనుంచి నేను నడపనా?' అన్నాను. ఊఁ అన్నారు. బుధవారం, 'పాపం, మీరు వెనక కూర్చోవాలి' అన్నాను. అయ్యో అన్నారు. గురువారం, 'ఇన్నేళ్ళూ నన్ను ముట్టుకోనివ్వకపోవడం మీ తప్పేగా' అన్నాను. అంతేగా మరి అన్నారు."

సింహం పోతోంది!

"గాలి హోరులో సరిగ్గా వినపడి ఉండదోయ్..."

"వినకుండానే ఊఁ కొట్టారా?"

"ఛ ఛ! వినే కొట్టాను."

"అయితే తాళం ఇవ్వండి."

ఇచ్చాను. ఇంకేం చేస్తాను చెప్పండి? ఆ కంగారులో బిరడాలు పెట్టుకోవడం కూడా మర్చిపోయాను.

వెనక సీటులో కూర్చుంటే ముందేమొస్తోందో కనపడదు, మాట్లాడటం తప్ప చేసే పనీ ఉండదు. అది నాకు ఆరోజే తెలిసింది. నిజం చెప్పొద్దూ, ఆవిడ నాకంటే బాగా నడిపింది. ఇన్నేళ్ళూ ఎందుకివ్వలేదా అని సిగ్గేసింది. ఆ సిగ్గులో బిరడాల సంగతీ, ఠక్కుల లెక్కా అన్నీ కక్కేశాను. "నెలరోజులుగా బండి మీద నువ్వు చెప్పిందొక్కటీ వినలేదు. బుద్ధొచ్చింది. క్షమించెయ్," అని ముందుకు వంగాను. ఠక్.

"ఊఁ," అంది.

ప్రాణం లేచొచ్చింది. "అయితే సాయంత్రం బండి నాకేగా?" అన్నాను. గుంతలు. ఠక్, ఠక్.

"అయ్యో," అంది.

అక్కడైనా నాకు అనుమానం రావాలా? రాలేదు.

బడి గేటు దగ్గర బండాపి, హెల్మెట్ తీసి, చెవుల్లోంచి బిరడాలు తీసింది. డాక్టరిచ్చిన రెండో జత.

"నడిపేవాళ్ళు చెవులు కాపాడుకోవాలట కదండీ. దారంతా ఏదో అంటున్నారు, ఏమిటది?"

చుట్టూ పిల్లలు మూగారు. గొంతు తగ్గించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

"కాస్త గట్టిగా చెప్పండి," అంది మా ఆవిడ. "వెనక బెంచీ వాళ్ళకి కూడా వినపడాలి."